పాత ట్రాక్టరుకు ఏ వేడి మీటరు పెట్టుకోవాలి?

యాసంగి నాట్లకు దమ్ము చేస్తున్న రోజది. మిర్యాలగూడ దిక్కున, సాగర్ ఎడమ కాలువ కింద మాకున్న మడిలో, మా నాన్న కొన్న పాత ట్రాక్టరుకు కేజ్ వీల్స్ బిగించి పొద్దున్నుంచి తిప్పుతున్నాను. డ్యాష్ బోర్డు మీద వేడి మీటరు ముల్లు పచ్చ గీత దగ్గర నిలకడగా ఉంది. పదకొండు గంటలప్పుడు బానెట్ కింది నుంచి ఆవిరి లేచింది. దాన్ని నేను గమనించి ఇంజిన్ ఆపేలోగా హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ (ఇంజిన్ పై మూత) వంగింది. ముల్లు మాత్రం ఇంకా పచ్చ గీత దగ్గరే ఉంది. మేస్త్రీ వచ్చి, తాళం తీసి, మీటరు అద్దం మీద వేలితో కొట్టి చూశాడు. "ఇది ఎప్పుడో చచ్చిపోయింది తమ్మీ. నువ్వు బొమ్మను చూసుకుంటూ బండి నడుపుతున్నావు" అన్నాడు.

మీటరు లేకపోతే కనీసం చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. దిగి రేడియేటరు వైపు ఒకసారి పోయేవాణ్ణి. తప్పు చెప్పే మీటరు ఆ జాగ్రత్తను కూడా పోగొట్టింది. అప్పటి నుంచి మా బండిలోనూ, చుట్టుపక్కల వాళ్ల పాత బండ్లలోనూ మీటర్లు మార్చడంలో చెయ్యి పెడుతూ వచ్చాను. మాసీ ఫెర్గూసన్ 1035, మహీంద్రా బీ-275, ఫోర్డ్ 3000, హెచ్‌ఎంటీ జెటర్ 2511, స్వరాజ్ 724 లాంటి బండ్లు మన పల్లెల్లో ఇంకా పొలం దున్నుతున్నాయి. వాటికి కొత్త మీటరు కొనాలనుకుని దుకాణంలో నాలుగు రకాలు చూసి తికమకపడేవారి కోసం ఇది రాస్తున్నాను.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మొన, అంటే ఇంజిన్‌లో దూరి వేడిని పసిగట్టే కొస, దేనిని తాకుతోంది. మీటరు ఏ రకమైనా, దాని మొన దేనిలో మునిగి ఉందో ఆ వస్తువు వేడినే చెబుతుంది, ఇంజిన్ వేడిని కాదు. సాధారణంగా మొనకు హెడ్‌లోనో, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనివ్వని కవాటం) గూడు పక్కనో చోటు ఉంటుంది. అక్కడ నీళ్లున్నంతసేపు అది నిజమే చెబుతుంది. హోస్ పగిలి నీళ్లు కారిపోయి మొన బయటపడితే, దాని చుట్టూ మిగిలేది ఆవిరి, గాలి. ఇనుము కాలిపోతున్నా ముల్లు నెమ్మదిగా కదులుతుంది, ఒక్కోసారి కిందికి కూడా దిగుతుంది. వేడెక్కిన బండి ముల్లు ఉన్నట్టుండి దిగితే, చల్లబడిందని సంతోషించకండి. నీళ్లు ఉన్నాయో లేదో చూడండి.

మన ప్రాంతంలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. రేడియేటరుకు మాత్రం ఫ్లోరైడ్ కన్నా నీటి కాఠిన్యం పెద్ద శత్రువు. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి తెల్లటి పొలుసుగా పేరుకుంటాయి. టీ కాచే గిన్నె అడుగున కనిపించేది అదే. ఆ పొలుసు రేడియేటరు గొట్టాలతోపాటు మీటరు మొన మీద కూడా కడుతుంది. మొనకు పొలుసు దుప్పటిలా అడ్డుపడితే ముల్లు ఆలస్యంగా లేస్తుంది. కొత్త మీటరు తెచ్చి పాత పొలుసు గూట్లో దూర్చితే పెట్టిన డబ్బు సగం వృథా. ముందు ఆ గూడు గీకి శుభ్రం చేయించండి.

బండిలో కరెంటు ఎలా ఉంది. పాత డైనమో, కటౌట్ (డైనమోను బ్యాటరీకి కలిపే, విడదీసే స్విచ్) ఉన్న బండిలో ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే వోల్టేజి ఒక రకంగా, వేగంగా తిరిగితే ఇంకో రకంగా ఉంటుంది. చాలా బండ్లలో వైరింగ్ ముక్కలు ముక్కలుగా అతికించి ఉంటుంది. బ్యాటరీ లేకుండా, వాలులో నిలిపి దొర్లించి స్టార్ట్ చేసే బండ్లు కూడా ఇంకా ఉన్నాయి. ఇలాంటి బండికి బ్యాటరీ మీద ఆధారపడే మీటరు పెట్టాలంటే ముందు వైరింగ్ చేయించాలి.

ముల్లును ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు. దున్నేటప్పుడు డ్రైవరు కళ్లు సగం సేపు వెనుక నాగలి మీద, మిగతా సేపు ముందు గట్టు మీద ఉంటాయి. పంపుసెట్టుకో, నూర్పిడి యంత్రానికో బెల్టు తగిలించి ట్రాక్టరును ఒకచోట నిలిపి నడిపితే దాని మీద మనిషే ఉండడు. అప్పుడు మీటరు ఎంత మంచిదైనా చూసే కళ్లు లేవు.

అంకెలా, రంగులా. పాత మీటర్లలో చాలావాటికి అంకెలు ఉండవు. చలికి ఒక గీత, వేడికి ఒక గీత, మధ్యలో పచ్చ పట్టీ. కొత్తది కొనేటప్పుడు డిగ్రీల అంకెలున్నదే తీసుకోమని నా సలహా. కారణం చెబుతాను. సముద్రమట్టం దగ్గర నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ దాదాపు 98కే మరుగుతాయి. రేడియేటరు మూత చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడిది, దాని రబ్బరు బాగుంది అనుకుంటే, నీళ్లు దాదాపు 110 వరకు మరగకుండా నిలుస్తాయి. రబ్బరు పోతే మళ్లీ 98. అంటే ముల్లు 100 చూపినప్పుడు ఒక బండిలో ఇంకా సమయం ఉంది, ఇంకో బండిలో నీళ్లు ఇప్పటికే పొంగుతున్నాయి. ఈ తేడాను రంగు పట్టీ చెప్పలేదు. 40 నుంచి 120 వరకు అంకెలున్న మీటరు మన పనికి సరిపోతుంది.

## రాగి గొట్టం మీటరు

దీనికి బ్యాటరీతో పని లేదు. ఇంజిన్‌లో దూరే చోట వేలెడంత ఇత్తడి మొన, అక్కడి నుంచి డ్యాష్ బోర్డు దాకా వెంట్రుకంత రంధ్రమున్న సన్నటి రాగి గొట్టం, మీటరు లోపల కొడవలిలా వంగిన చిన్న గొట్టం ఉంటాయి. ఈ మూడూ కలిసి మూసేసిన ఒకే గది. లోపల సాధారణంగా ఈథర్ ఉంటుంది. ఈథర్ 34.6 డిగ్రీలకే మరిగే ద్రవం. మొన వేడెక్కితే లోపల ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడికి కొడవలి గొట్టం నిటారు కావాలని చూస్తుంది, ఆ కదలిక ముల్లును తిప్పుతుంది. అంతే. వైరు లేదు, ఎర్త్ లేదు, ఫ్యూజు లేదు.

దీని గుణం ఒకటి గమనించండి. ఆవిరి ఒత్తిడి వేడితోపాటు సమంగా పెరగదు, పోనుపోను వేగంగా పెరుగుతుంది. అందుకే ఈ మీటర్ల మీద 40, 50 అంకెలు ఇరుకుగా, 90, 100 అంకెలు ఎడంగా ఉంటాయి. మనకు కావాల్సింది ఆ పై భాగమే కనుక ఇది లాభమే. 85కూ 95కూ తేడా ఎగుడుదిగుడు దారిలో కూడా కనిపిస్తుంది.

ప్రాణం మాత్రం ఆ రాగి గొట్టంలో ఉంది. ఎక్కడైనా చిట్లిందా, ఈథర్ పోతుంది, మీటరు ముగిసినట్టే. మే నెలలో 44 డిగ్రీల ఎండలో నిలిపిన బండిలోనైతే ఇంజిన్ నడపకపోయినా లోపలి ఒత్తిడి బయటి గాలి కన్నా ఎక్కువగా ఉంటుంది. సూది మొనంత చిల్లు చాలు. గొట్టం చిట్లే కారణాలు నేను చూసినవి మూడు. ఎగ్జాస్టు పక్క నుంచి గొట్టం తీసుకెళ్లడం, బానెట్ అంచుకు రాసుకోవడం, బిగించేటప్పుడు నట్టుతోపాటు గొట్టం మెలి తిరగడం. మూడూ చేతిలో ఉన్నవే. గొట్టం పొడవు ఎక్కువైతే కొయ్యవద్దు. చేతి గాజంత పరిమాణంలో రెండు మూడు చుట్లు చుట్టి, రబ్బరు వేసి కట్టేయండి. ఆ చుట్లు ఇంజిన్ వణుకును కూడా మింగుతాయి. డ్యాష్ బోర్డు రేకు రంధ్రంలో తప్పక రబ్బరు వాషరు పెట్టండి.

కొనేటప్పుడు రెండు కొలతలు కావాలి. ఒకటి గొట్టం పొడవు. హెడ్ నుంచి బానెట్ కింద నడిచే దారిలో తాడు వేసి కొలిచి, ఒక అడుగు కలుపుకోండి. రెండోది మొన బిగించే నట్టు మర. బ్రిటిష్ మూలాలున్న బండ్లకు అంగుళాల మర, జెటర్ లాంటి ఐరోపా బండ్లకు మిల్లీమీటర్ల మర ఉండే అవకాశం ఎక్కువ. ఊహతో కొనకండి. పాత నట్టు విప్పి జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లండి. రెండు మూడు చుట్లు చేత్తో సాఫీగా తిరిగితేనే అది మీ మర. స్పానర్ వేసి బలవంతంగా ఎక్కిస్తే హెడ్‌లోని మర పోతుంది. ఆ ఖర్చు పది మీటర్లకు సమానం.

సొంతంగా నడుపుకునే రైతుకు, వైరింగ్ నమ్మలేని బండికి నేను మొదట చెప్పేది ఈ మీటరే.

## పాత మీటరునే బతికించడం

పాత బండిని అలాగే నిలపాలని కోరుకునేవారు ఉన్నారు. తాత కొన్న ట్రాక్టరు, ఆ తెల్లటి డయలు, ఆ ఇత్తడి అంచు. వాటిని తీసి కొత్త నల్ల మీటరు పెట్టడానికి మనసొప్పదు. అది నాకు పూర్తిగా అర్థమవుతుంది. రాగి గొట్టం తెగిన పాత మీటరును బాగు చేసే పద్ధతి ఒకటి ఉంది.

అదే రకం మీటరు కొత్తది, చవకది ఒకటి తెచ్చి, దాని మొనను, గొట్టాన్ని పాత మీటరుకు అతికిస్తారు. కిటుకు మంచులో ఉంది. కొత్త మీటరు మొనను ఐసు, ఉప్పు కలిపిన డబ్బాలో ముంచి పూర్తిగా చల్లబడనిస్తారు. ఉప్పు కలిపిన ఐసు సున్నా కన్నా చాలా కిందికి దిగుతుంది కనుక, లోపలి ఈథర్ అంతా మొనలో ద్రవంగా కూర్చుంటుంది. అప్పుడు గొట్టం కోసినా అది బయటికి తోసుకురాదు. కోసిన కొసను పాత మీటరు గొట్టానికి ఎదురెదురుగా పెట్టి, పైన చిన్న రాగి తొడుగు వేసి టంకం పెడతారు. టంకం గట్టిపడేవరకు మొన ఐసులోనే ఉండాలి.

ఈథర్ చాలా తొందరగా అంటుకునే ద్రవం. మంట దీపంతో టంకం పెట్టవద్దు. కరెంటు టంకం కడ్డీతో, ఆరుబయట, బీడీ సిగరెట్లు దూరంగా ఉంచి చేయాలి. చేయి తిరిగిన వాళ్లతోనే చేయించండి. రెండు మీటర్ల కొలత ఒకటే అయితే ముల్లు దాదాపు సరిగానే చూపిస్తుంది, అయినా మరిగే నీటిలో పెట్టి సరిచూడకుండా నమ్మకూడదు. ఊరేగింపుకో, పండుగకో బయటికి తీసే బండికి ఈ శ్రమ విలువైనదే. రోజూ రోటవేటర్ లాగే బండికి మాత్రం పాత డయలును పెట్టెలో భద్రంగా దాచి, కొత్తది బిగించమంటాను.

## కరెంటు మీటరు

ఇందులో ఇంజిన్ దగ్గర ఒక సెన్సరు, డ్యాష్ బోర్డులో మీటరు, మధ్యలో ఒక్క వైరు ఉంటాయి. సెన్సరు లోపలి పదార్థం వేడెక్కే కొద్దీ కరెంటుకు దాని నిరోధం తగ్గుతుంది. ఎక్కువ కరెంటు పారుతుంది, ముల్లు లేస్తుంది. తిరుగు దారి ఇంజిన్ ఇనుము గుండా బ్యాటరీకి చేరుతుంది.

గొట్టం లేదు కనుక బిగించడం తేలిక. వైరు తెగితే రెండు రూపాయల పని. డ్యాష్ బోర్డు దూరంగా ఉన్నా ఇబ్బంది లేదు. కొత్త ట్రాక్టర్లన్నీ ఈ దారికే మళ్లడానికి కారణాలు ఉన్నాయి.

పాత బండిలో మాత్రం ఇది మూడు చోట్ల మోసం చేస్తుంది. మొదటిది జోడీ. ఈ కంపెనీ సెన్సరు, ఆ కంపెనీ మీటరు కలిపితే ముల్లు కదులుతుంది కానీ అబద్ధం చెబుతుంది. ప్రతి మీటరు తనకు తగిన నిరోధం ఉన్న సెన్సరుతోనే సరిపోతుంది. రెండూ ఒకే పెట్టెలో ఉన్నవి కొనండి. సెన్సరు ఒక్కటే పోయిందని దుకాణంలో మర కలిసినదేదో ఇస్తే తీసుకోకండి.

రెండోది ఎర్త్. ఒక వైరు సెన్సరుకు తన సొంత మరే ఎర్త్. నీళ్లు కారకుండా టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఆ ఎర్త్ బలహీనపడి ముల్లు తక్కువ చూపుతుంది. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా అంతే.

మూడోది వోల్టేజి. ఒక పాత రకం మీటర్లలో ముల్లును కదిపేది వేడికి వంగే రెండు లోహాల పట్టీ. వాటికి దాదాపు 10 వోల్టులు నిలకడగా ఇచ్చే చిన్న స్టెబిలైజర్ డ్యాష్ బోర్డు వెనుక ఉంటుంది. డీజిలు మీటరు, వేడి మీటరు రెండూ ఒకే రోజు నుంచి ఎక్కువ చూపడం మొదలుపెడితే, అనుమానించాల్సింది సెన్సర్లను కాదు, ఆ స్టెబిలైజర్‌ను, దాని ఎర్త్‌ను.

పరీక్ష చాలా సులువు. తాళం ఆన్ చేసి, సెన్సరు వైరు ఊడదీయండి. చాలా మీటర్లలో ముల్లు చలి వైపు పడిపోవాలి. ఆ వైరు కొసను ఒక్క క్షణం ఇంజిన్ ఇనుముకు తాకించండి. ముల్లు వేడి చివరకు పరుగెత్తాలి. పరుగెత్తితే మీటరు, వైరు బాగున్నాయి, తప్పు సెన్సరుది. కదలకపోతే వైరునో, మీటరునో చూడాలి. ఎక్కువసేపు తాకించి ఉంచితే కొన్ని మీటర్లు పాడవుతాయి, కనుక తాకించి తీసేయాలి.

షెడ్డులో ఎలుకలున్నవారికి ఒక మాట. వాటికి ఈ సన్నటి వైర్లంటే ఇష్టం. వైరును గట్టి గొట్టంలో దూర్చండి.

## డిజిటల్ మీటరు

అంకె స్పష్టంగా కనిపిస్తుంది, కొన్నింటిలో బజరు కూడా ఉంటుంది. మధ్యాహ్నపు ఎండలో చాలా తెరలు వెలవెలబోతాయి, దుమ్ము, బురద నీళ్లు లోపలికి దూరితే బాగుచేసే చోటు మండల కేంద్రంలో దొరకదు. పాత బ్రిటిష్ తరహా బండ్లలో కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ అయి ఉంటుంది. అది చూడకుండా డిజిటల్ మీటరు తగిలిస్తే మొదటి తాళానికే కాలిపోవచ్చు. ఆల్టర్నేటర్ వేయించి, వైరింగ్ అంతా కొత్తగా చేయించిన బండికైతే ఆలోచించవచ్చు. మిగతావాటికి నేను చెప్పను.

## బజరు, ఎర్ర దీపం

ఇది మీటరు కాదు, కేక. నిర్ణీత వేడి దగ్గర కలిసే ఒక స్విచ్ హెడ్‌లో ఉంటుంది. 95 నుంచి 105 మధ్య ఏదో ఒక అంకెకు తయారైనవి దొరుకుతాయి. ఆ వేడి రాగానే దీపం వెలుగుతుంది, బజరు మోగుతుంది. వేడి మెల్లగా పెరుగుతున్న సంగతి ఇది చెప్పదు. రేడియేటరు రెక్కల్లో పత్తి దూది, గడ్డి పొట్టు పేరుకుంటూ ఉంటే మీటరు ముల్లు రోజుకు రెండు డిగ్రీల చొప్పున పైకి జరిగి ముందే చెబుతుంది. బజరు చివరి నిమిషంలోనే మోగుతుంది.

కానీ జీతానికి డ్రైవరును పెట్టుకున్నవారు దీన్ని తప్పక పెట్టించాలి. ఆ అబ్బాయి బండి యజమాని కాడని కాదు. పొద్దంతా దమ్ములో తిరిగేవాడికి ముల్లు చూస్తూ ఉండడం సాధ్యం కాదు. చెవికి వినిపించేది కావాలి. మామూలు హారను పక్కన కాకుండా సీటు దగ్గర పెట్టండి, ఇంజిన్ చప్పుడులో వినపడాలి.

కొనేటప్పుడు రెండు రకాలు అడిగి చూడండి. నీటిలో మునిగే స్విచ్ ఒకటి, హెడ్ ఇనుముకు బోల్టుతో బిగించే స్విచ్ ఇంకొకటి. రెండోదానికి నీళ్లతో పని లేదు. నీళ్లన్నీ కారిపోయి మీటరు మొన గాలిలో ఉన్నప్పుడు కూడా ఇనుము వేడిని పట్టుకుంటుంది. నా బండిని ఆ రోజు కాపాడగలిగేది ఇదే. రేడియేటరు పై తొట్టిలో నీటి మట్టం తగ్గితే మోగే సాధనాలు కూడా ఉన్నాయి, అవి ఇంకా ముందే హెచ్చరిస్తాయి.

దీని లోపం నిశ్శబ్దం. వైరు తెగిపోయినా మోగదు, అంతా బాగున్నా మోగదు. కనుక వారానికి ఒకసారి స్విచ్ వైరును ఇనుముకు తాకించి, బజరు మోగుతోందో లేదో వినండి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | రాగి గొట్టం | కరెంటు | డిజిటల్ | బజరు |
|---|---|---|---|---|
| బ్యాటరీ కావాలా | వద్దు | కావాలి | మంచి స్థితిలో కావాలి | కావాలి |
| నెమ్మదిగా పెరిగే వేడి తెలుస్తుందా | బాగా | బాగా | చాలా బాగా | తెలియదు |
| చూడకపోయినా హెచ్చరిస్తుందా | లేదు | లేదు | కొన్ని | హెచ్చరిస్తుంది |
| బురద, వణుకు తట్టుకోవడం | గొట్టం కాపాడితే బాగా | బాగా | తక్కువ | బాగా |
| పాడైతే | దాదాపు మొత్తం మార్చాలి | భాగం మార్చవచ్చు | మొత్తం మార్చాలి | చవకలో మారుతుంది |
| పాత బండి రూపం | నిలుస్తుంది | పాత డయలు దొరికితే నిలుస్తుంది | నిలవదు | కనిపించకుండా దాచవచ్చు |

## ఎవరికి ఏది

కాలువ కింద వరి చేసేవారికి, అంటే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు గానీ జూరాల కింద గానీ కరిగెటలో కేజ్ వీల్స్‌తో తిప్పేవారికి, ఇంజిన్ పూర్తి బరువు మీద ఉంటుంది, బండి మాత్రం నెమ్మదిగా నడుస్తుంది. ముందు నుంచి వచ్చే గాలి ఉండదు, రేడియేటరు మీద బురద చిందుతుంది. వేడెక్కడానికి ఇంతకన్నా అనువైన పని ఇంకోటి లేదు. వీరికి రాగి గొట్టం మీటరు, దానితోపాటు ఇనుముకు బిగించే బజరు రెండూ అవసరం. ఖర్చు ఎక్కువ అనుకునేవారు హెడ్ పని ఖర్చు ఒకసారి అడిగి తెలుసుకోండి.

కల్వకుర్తి, దేవరకొండ, అచ్చంపేట వైపు చెలక నేలల్లో పత్తి, వేరుశనగ, కంది వేసి గొర్రు తోలేవారికి బరువు తక్కువ, దుమ్ము ఎక్కువ. మీటరు ఒక్కటి సరిపోతుంది. దానిని రోజూ చూసే అలవాటు, వారానికోసారి రేడియేటరు రెక్కలు వెనుక నుంచి ముందుకు గాలి కొట్టి దులపడం చాలు.

ట్రాలీతో ధాన్యం మిల్లులకు తోలేవారికి వైరింగ్ ఎలాగూ బాగుండాలి, రాత్రి దీపాలు కావాలి. అలాంటి బండికి లోపల దీపం వెలిగే కరెంటు మీటరు బాగుంటుంది. రాగి గొట్టం మీటర్లలోనూ దీపం పెట్టేవి ఉన్నాయి.

ఒకచోట నిలిపి పంపునో, యంత్రాన్నో నడిపేవారికి బజరు లేకుండా మీటరు ఉన్నా లేనట్టే.

పాత ఐషర్ లాంటి గాలితో చల్లబడే ఇంజిన్లవారు ఈ నీటి మీటర్లలో ఏదీ కొనకూడదు. వాటికి రేడియేటరే లేదు. హెడ్ రెక్కల దగ్గర చిన్న బోల్టు కింద బిగించే ఉంగరం సెన్సరు, లేదా ఇంజిన్ ఆయిలు వేడిని చూపే మీటరు కావాలి. ఏదైనా హెడ్ బోల్టు కింద మాత్రం ఉంగరం పెట్టకండి, బిగింపు లెక్క తప్పుతుంది. ఆ ఇంజిన్లలో రెక్కల మధ్య ఆయిలు తడికి అంటుకున్న దుమ్మే వేడికి మొదటి కారణం, మీటరు కన్నా ముందు దానిని గీకండి.

థర్మోస్టాట్ తీసేసిన బండ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఎండ దేశంలో అది ఎందుకని తీసేస్తారు. దాని వల్ల చలి ఉదయాల్లో ఇంజిన్ 50, 60 దాటకుండా గంటల తరబడి నడుస్తుంది, డీజిలు సరిగ్గా కాలదు, లైనర్లు తొందరగా అరుగుతాయి. కొత్త మీటరు పెట్టాక ముల్లు పైకి లేవడం లేదని దాన్ని తిట్టకండి. అది నిజం చెబుతోంది. బండికి తగిన థర్మోస్టాట్ మళ్లీ వేయించండి.

## బిగించే ముందు మరిగే నీటి పరీక్ష

కొత్తదైనా, బాగు చేయించినదైనా, పొయ్యి మీద పరీక్షించకుండా బండిలో పెట్టకూడదు. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, పాఠశాల ప్రయోగశాలలో వాడే గాజు థర్మామీటరు ఒకటి, మీటరు మొన ఒకటి పక్కపక్కన వేలాడదీయండి. రెండూ గిన్నె అడుగును తాకకూడదు. 60 దగ్గర, 80 దగ్గర, బాగా మరిగేటప్పుడు మూడుసార్లు చూసి కాగితం మీద రాసుకోండి. మహబూబ్‌నగర్ లాంటి ఎత్తులో మరిగే నీరు 98 చూపాలని గుర్తుంచుకుంటే, ముల్లు 100కు కొంచెం తక్కువ ఉందని మీటరును తప్పుపట్టరు. రెండు మూడు డిగ్రీల తేడా పరవాలేదు. ఎనిమిది, పది డిగ్రీలు తక్కువ చూపితే వెనక్కి ఇచ్చేయండి. కరెంటు మీటరైతే సెన్సరును ముంచి, దాని ఒంటికి వేరే వైరుతో ఎర్త్ ఇచ్చి ఇదే పరీక్ష చేయవచ్చు.

తుపాకీలా చూపించి వేడి కొలిచే పరికరం కొంతమంది మేస్త్రీల దగ్గర ఉంటుంది. సరిచూసుకోవడానికి అది పనికొస్తుంది. మెరిసే లోహం మీద మాత్రం తక్కువ చూపిస్తుంది. థర్మోస్టాట్ గూడు మీద నల్ల రంగు మచ్చ వేసి, ఆ మచ్చ మీదే గురి పెట్టాలి.

బిగించాక రేడియేటరులో వట్టి బోరు నీళ్లు పోయకండి. ఊళ్లోని శుద్ధి నీళ్ల ప్లాంటు నుంచి తెచ్చిన నీళ్లలో కూలెంట్ కలిపి పోయండి. పొలుసు కట్టదు, సగానికి సగం కలిపితే మరిగే స్థాయి కూడా కొన్ని డిగ్రీలు పెరుగుతుంది, తుప్పు ఆగుతుంది. శుద్ధి నీళ్లు కూలెంట్ లేకుండా ఒక్కటే పోస్తే తుప్పును ఆపేది ఏదీ ఉండదు.

ముల్లు పైకి వెళ్లినప్పుడు ఏం చేయాలో కూడా డ్రైవరుకు ముందే చెప్పి ఉంచండి. నీళ్లు ఉండి, బరువు వల్ల వేడెక్కితే నాగలి ఎత్తి, బరువు లేకుండా ఇంజిన్‌ను కాసేపు మెల్లగా తిరగనివ్వాలి. ఇంజిన్‌లో నీళ్లను తిప్పే పంపు తిరుగుతూ ఉంటే వేడి సమంగా దిగుతుంది. నీళ్లు కారిపోయాయని తెలిస్తే వెంటనే ఆపాలి. మూత వేడి మీద తీయకూడదు. కాలుతున్న హెడ్ మీద చల్లటి నీళ్లు గుమ్మరిస్తే ఇనుము చీలుతుంది.

మొదటి వారం పొలంలో అరగంట దున్నాక, అంతా మామూలుగా ఉన్నప్పుడు, ముల్లు ఎక్కడ నిలబడిందో చూసి మీటరు అద్దం మీద గోళ్ల రంగుతో చిన్న చుక్క పెట్టండి. మా బండిలో అది 82 దగ్గర ఉంది. మా తమ్ముడికి అంకెల లెక్క ఏమీ చెప్పలేదు. ముల్లు చుక్కను దాటి వేలెడు దూరం పోతే ఆపి దిగి చూడమన్నాను. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం అతను అలాగే ఆపి, ఫ్యాన్ బెల్టు వదులై జారుతోందని కనిపెట్టాడు. బెల్టు బిగించి, చీకటి పడేలోగా మిగిలిన రెండు మళ్లు పూర్తి చేశాడు.